నా సీటులో ఉరుము

కొలతలప్పుడు ఫర్నేస్ కట్టెయ్యాలట,
దాని గొణుగుడు కూడా మైకు రాసేసుకుంటుందట.
బయట సస్కటూన్, మైనస్ ముప్పై ఆరు.
బేస్‌మెంట్‌లో కోట్లు వేసుకుని ఇద్దరం,
మా నోటి ఆవిరి మధ్య నాలుగు నల్ల పెట్టెలు.

నేను బస్సు నడుపుతాను, రాత్రి షిఫ్టు.
ఇంజన్‌కి బాగోలేకపోతే చెవికంటే ముందు
నా నడుముకి తెలుస్తుంది.
అలాంటిదాన్ని, "ఉరుమేదీ?" అని నేనడిగినప్పుడల్లా
ఒరెస్ట్ అనేవాడు: చెవిటివాడి ముందు శంఖం.
పదకొండేళ్ళు అన్నాడు.

అతని వాలుకుర్చీ గోడ పక్కన.
నా సోఫా గది నడిమధ్యన.
మూలనున్న ఒక్క పెట్టె ఇన్నాళ్ళూ
అతని గుండెల మీద ఏనుగుల్ని నడిపించింది.
నా దాకా వచ్చేసరికి చీమ.

ఇవాళ మైకుని స్టాండుకి బిగించి
నేను కూర్చునే చోట, నా చెవుల ఎత్తులో నిలబెట్టాడు.
(నా ఎత్తు టేపు పెట్టి కొలవడం అదే మొదటిసారి.)
లాప్‌టాప్‌లోంచి ఒక మూలుగు బయల్దేరింది.
పదిహేను హెర్ట్జ్ దగ్గర వినిపించదు, ఒళ్ళు మాత్రం దేనికో సిద్ధపడుతుంది.
ఇరవై ఎనిమిదికి మెట్ల కింద బీట్‌రూట్ సీసాలు గుసగుసలాడాయి.
ముప్పై ఐదుకి తలుపు గొళ్ళెం.
నలభైకి
ఏమీ లేదు.
వాక్యం మధ్యలో ఎవరో లేచి వెళ్ళిపోయినట్టు.

తెరమీద గీత బావిలోకి దూకింది,
ఇరవై రెండు డెసిబెల్స్ లోతు.
ఒరెస్ట్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. అదే బావి.
తీగ మార్చాడు. మైకు మార్చాడు.
నేనేమీ అనలేదు.
ప్రింటు తీసిమ్మన్నాను, అంతే.

గోడలకి చెవులుంటాయంటారు.
నోళ్ళూ ఉంటాయి, విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్తాయి.
పోయే మాటా వచ్చే మాటా ఎదురుపడి
ఒకదాన్నొకటి మింగేసే చోటే
సరిగ్గా వేసుకున్నాం నా సోఫా,
అక్కడైతే కార్పెట్‌కి నప్పుతుందని.

అప్పుడతను, నలభై కిలోల పెట్టెను
నా సీటు మీద కూర్చోబెట్టి మోగిస్తూ
తాను నేలమీద పాకాడు.
అరవయ్యో ఏట, మోకాళ్ళకి తువ్వాళ్ళు చుట్టుకుని,
గోడవారనే, అడుగుకోసారి ఆగి, చెవి ఒగ్గి.
మోత నిండుగా ఉన్నచోట నీలం టేపుతో ఇంటూ గుర్తు.
వెనకాలే టార్చి పట్టుకుని నేను.
పిల్లి మెట్ల మీంచి కాసేపు చూసి
పరువు పోయినట్టు పైకెళ్ళిపోయింది.

నాలుగు గోడల నడుమ నాలుగు పెట్టెలు.
ఎదురెదురువి తోడైతే బావి పూడుతుందట.
మొదట ఇంకా పాడైంది.
నాలుగూ ఒకే మాట అంటున్నాయి,
ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక,
అన్నీ కలిపితే మౌనం.
"దీన్ని పెళ్ళితో పోల్చకు" అన్నాను, అతను నోరు తెరవకముందే.
"పోల్చను దార్కా. ఇది ఫేజ్."
దగ్గరున్నదాన్ని ఆరు మిల్లీసెకన్లు ఆపాడు,
దూరంది వచ్చి చేరేదాకా.
గొంతు పెద్దదాన్ని తగ్గించాడు.
తన కుర్చీ దగ్గర ఏనుగులు బక్కచిక్కాయి.
గీత వంక చూస్తూ గడ్డం గోక్కున్నాడు చాలాసేపు.
సేవ్ నొక్కాడు.

ఇంకా చదును కాలేదు. అరవై మూడు దగ్గర చిన్న గతుకు.
దాని మీంచి బస్సు పోతుంది, వదిలెయ్ అన్నాను.

ఫర్నేస్ వెలిగించడం మర్చిపోయి లైటు ఆర్పాడు.
ఏదో పాత ఓడ సినిమా. సముద్రం మీద మబ్బు. మెరిసింది.
సోఫా చెక్కలోంచి తొడల్లోకి, తొడల్లోంచి వెన్నులోకి,
తెల్లవారుజామున డిపోలో స్టార్ట్ చేసిన మొదటి బస్సులా
ఉరుము ఎక్కింది.

"ఇప్పుడు?" అన్నాడు చీకట్లోంచి.

వెంటనే చెప్పలేదు.
దగ్గరున్నవాణ్ణి కాసేపు ఆపాలి కదా,
దూరంది వచ్చి చేరేదాకా.